విద్యుత్తును పోనివ్వని పదార్థాలను తొలి భౌతికవేత్తలు ఎలా కొలిచారు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ భౌతికశాస్త్రం చెబుతున్న ఇన్నేళ్లలో విద్యార్థులూ తోటి అధ్యాపకులూ నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలివి. రోధక స్థిరాంకాల పట్టిక పాఠ్యపుస్తకంలో అరపేజీకి మించి ఉండదు. గాజుకు ఇంత, గంధకానికి ఇంత, నీటికి 80 అని పిల్లలు బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు, మరిచిపోతారు. ఆ అరపేజీ తయారవడానికి వందేళ్లకు పైగా పట్టింది. అంతకాలం ఎందుకు పట్టిందో తెలిస్తే ఆ అంకెల మీద గౌరవం పెరుగుతుందని నా నమ్మకం.

బంధకం అంటేనే విద్యుత్తును పోనివ్వనిది. ఇక అందులో కొలవడానికి ఏముంటుంది?

ముఖ్యంగా రెండు విషయాలుంటాయి. ఒకటి, అది విద్యుత్తును ఎంత గట్టిగా ఆపుతుందన్నది. పూర్తిగా ఆపే పదార్థం ఏదీ లేదు. గాజైనా, మైనమైనా, లక్కైనా ఎంతో కొంత కారుతుంది. ఆ కారడాన్ని బట్టి విశిష్ట నిరోధం చెబుతాం. రెండోది అంత సులభంగా తట్టదు. రెండు లోహపు పలకల మధ్య గాలి ఉంటే కొంత ఆవేశం నిలుస్తుంది. ఆ గాలి స్థానంలో గాజు పలక దూర్చితే, అదే పొటెన్షియల్, అంటే అదే వోల్టేజి దగ్గర అంతకు ఎన్నో రెట్లు నిలుస్తుంది. ఎన్ని రెట్లన్నదే రోధక స్థిరాంకం.

ఒకే గాజు ముక్కను మొదటి పనిలో బంధకమనీ, రెండో పనిలో రోధకమనీ పిలుస్తున్నాం. పిల్లలు తికమకపడేది ఇక్కడే. పదార్థం మారలేదు, మనం దాన్ని అడిగే ప్రశ్న మారింది. ఎంత వోల్టేజి దగ్గర పదార్థం చిల్లుపడుతుందన్నది మూడో కొలత. దాని చరిత్ర వేరు కాబట్టి ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

కొన్ని పదార్థాలు విద్యుత్తును మోస్తాయి, కొన్ని మోయవు అని మొదట తేల్చింది ఎవరు?

ఇంగ్లండులో స్టీఫెన్ గ్రే. బట్టలకు రంగులద్దే కుటుంబంలో పుట్టినవాడు. 1729 జులైలో కెంట్ ప్రాంతంలోని ఆటర్డెన్‌లో, మిత్రుడు గ్రాన్విల్ వీలర్ ఇంట్లో, జనపనార తాడు వెంట విద్యుత్తు ఎంత దూరం పోతుందో చూస్తున్నాడు. తాడు ఒక కొసన రుద్దిన గాజు గొట్టం, రెండో కొసన దంతపు బంతి. తాడును పట్టు దారాలతో వేలాడదీస్తే బంతి తేలికపాటి రేకు ముక్కలను చక్కగా లాగింది. తాడు పొడవు పెంచేసరికి బరువుకు పట్టు దారం తెగింది. దాని స్థానంలో అంతే సన్నని లోహపు తీగ కట్టారు. బంతి దగ్గర కదలికే లేదు.

పట్టు సన్నగా ఉండటం వల్లే విద్యుత్తు పక్కకు పోకుండా ఆగుతోందని వాళ్లు అప్పటిదాకా అనుకున్నారు. తీగ కూడా సన్నదే, కానీ మొత్తం కాజేసింది. సన్నదనంతో పని లేదు, అసలు సంగతి పదార్థంలో ఉంది. పట్టు దారం ఆ రోజు తెగకపోతే ఈ సంగతి తేలడానికి ఇంకెన్నాళ్లు పట్టేదోనని నాకు అనిపిస్తూ ఉంటుంది.

రోధక స్థిరాంకాన్ని మొదట కొలిచింది ఫారడేనేనా?

ప్రచురించినవాళ్లలో మొదటివాడు ఫారడే. కొలిచినవాళ్లలో మాత్రం హెన్రీ కేవెండిష్ ఆయనకంటే అరవై ఏళ్లు ముందున్నాడు. 1770లలో లండన్‌లోని తన ఇంట్లో గాజు పలకలకు రెండు వైపులా తగరపు రేకు అంటించి, వాటిలో నిలిచే ఆవేశాన్ని తెలిసిన వ్యాసం గల గోళంలో నిలిచే ఆవేశంతో పోల్చాడు. పోల్చడానికి వాడినవి చిన్న బెండు బంతులు. అవి ఎంత ఎడంగా విడిపోతే అంత ఆవేశం. అందుకే ఆయన నోటు పుస్తకాల్లో కెపాసిటీ, అంటే ఆవేశాన్ని నిలుపుకునే సామర్థ్యం, అంగుళాల్లో కనిపిస్తుంది. ఈ పలక ఇన్ని అంగుళాల గోళంతో సమానం అని లెక్క రాసేవాడు. గాజు పలకలో, లెక్క ప్రకారం గాలికి ఉండాల్సిన దానికన్నా సుమారు 8 రెట్లు ఆవేశం నిలుస్తోందని తేల్చాడు. రేకు అంచులు దాటి గాజు ఉపరితలం మీద ఆవేశం కాస్త పాకుతుందని గమనించి, దానికీ సవరణ వేసుకున్నాడు.

ఇందులో చాలా భాగం ఎవరికీ చెప్పలేదు. అచ్చువేయలేదు. 1810లో ఆయన పోయాక ఆ కాగితాలు కట్టలుగా ఉండిపోయాయి. చివరికి భౌతికవేత్త మాక్స్‌వెల్ తన చివరి సంవత్సరాల్లో వాటిని పరిష్కరించి 1879లో ప్రచురించాడు. ఫారడేకు ఆ అంకెల సంగతి తెలియదు. అంత పని చేసి చెప్పకుండా ఉండటం ఆయన స్వభావమే కావచ్చు, కానీ శాస్త్రానికి అరవై ఏళ్ల నష్టం జరిగింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

ఆయన అచ్చువేసిన కొద్దిపాటి అంకెల్లో ఒకటి మాత్రం చెప్పి తీరాలి. ఇనుప తీగ వాన నీటికన్నా సుమారు 40 కోట్ల రెట్లు బాగా విద్యుత్తును మోస్తుందని 1776లో రాశాడు. అప్పటికి కరెంటును చూపే గాల్వనామీటరు లేదు. తన శరీరమే మీటరు. రెండు దారుల గుండా షాకు తీసుకుని, ఏది గట్టిగా తగిలిందో పోల్చుకునేవాడు.

ఫారడే పరికరం ఎలా ఉండేది?

ఒక ఇత్తడి గోళం లోపల మరో చిన్న ఇత్తడి బంతిని ఊహించుకోండి. బంతి వ్యాసం 2.33 అంగుళాలు, బయటి గోళం లోపలి వ్యాసం 3.57 అంగుళాలు. మధ్యలో చుట్టూ 0.62 అంగుళం ఖాళీ. బయటి గోళం రెండు చిప్పలుగా విడిపోతుంది. పైచిప్ప మెడలోంచి దిగిన లక్క కడ్డీ లోపలి బంతిని సరిగ్గా నడిమధ్యన నిలిపి ఉంచుతుంది. ఆ లక్క గుండా పైకి వచ్చిన తీగకు చిన్న ఇత్తడి గుండు ఉంటుంది, ఆవేశం ఇవ్వాలన్నా తీసి చూడాలన్నా దాని ద్వారానే. కిందివైపు ఒక కుళాయి ఉంది. దాని ద్వారా గాలి తీసేసి వేరే వాయువులు నింపవచ్చు.

ఇలాంటివి అచ్చుగుద్దినట్టు రెండు చేయించాడు. మొత్తం ప్రయోగానికి ప్రాణం ఆ రెండోదే. ఒకదానిలో గాలి. రెండోదాని కిందిచిప్పలో అర్ధగోళాకారపు లక్క గిన్నె. గాలి ఉన్నదానికి ఆవేశం ఇచ్చి, కూలూంబ్ విమోటన త్రాసుతో కొలుస్తాడు. అందులో సన్నని తీగకు వేలాడే కడ్డీ ఆవేశానికి తిరుగుతుంది, ఎన్ని డిగ్రీలు మెలిపెట్టి దాన్ని వెనక్కి తేవాలో అదే కొలత. తర్వాత రెండు పరికరాల గుండ్లనూ కలిపి ఆవేశాన్ని పంచి, మళ్లీ కొలుస్తాడు.

లెక్కకోసం అంకెలు నేను ఊహించి చెబుతాను. మొదట 300 డిగ్రీలుందనుకోండి. రెండూ సమానమైతే పంచుకున్నాక 150 రావాలి. లక్క ఉన్నప్పుడు 120 వచ్చిందంటే, గాలి పరికరం దగ్గర 120 వంతులు మిగిలి, 180 వంతులు లక్క పరికరంలోకి వెళ్లాయి. అంటే లక్క ఉన్నది గాలి ఉన్నదానికి ఒకటిన్నర రెట్లు. లక్క నిండింది సగమే కాబట్టి, సగం గాలి సగం లక్క కలిసి ఒకటిన్నర ఇచ్చాయి. మొత్తం లక్కే ఉంటే 2 వచ్చేది. ఫారడే కూడా ఇదే దారిలో లక్కకు సుమారు 2, ఫ్లింటు గాజుకు (సీసం కలిసిన గాజు) 1.76, గంధకానికి 2.24 అని తేల్చాడు. ఈ పరిశోధనను 1837 డిసెంబరులో రాయల్ సొసైటీకి సమర్పించాడు. రోధకానికి ఇంగ్లిషులో స్థిరపడిన డైఎలక్ట్రిక్ అనే మాట విలియం హ్యూవెల్ సాయంతో ఆయన తెచ్చిందే.

లక్క గిన్నెను ఒక పరికరంలోంచి తీసి రెండోదాంట్లో పెట్టి మళ్లీ మొత్తం చేశాడు. ఆవేశం ముందు దీనికిచ్చి ఒకసారి, దానికిచ్చి ఒకసారి. తేడా పరికరానిది కాదు, లక్కదేనని అలా రూఢి చేసుకున్నాడు. ప్రాక్టికల్ తరగతిలో ఒకే కొలత రాసుకుని వెళ్లిపోయే పిల్లలకు నేను ముందుగా చెప్పేది ఈ మార్పిడి గురించే.

మరి ఆయన అంకెలు నేటి పట్టికలకన్నా అంత తక్కువగా ఎందుకున్నాయి?

గంధకానికి నేటి విలువ 4కు దగ్గరగా ఉంటుంది, ఫారడేది 2.24. కారణం ప్రధానంగా పరికరంలోనే ఉంది. పైన ఉన్న తీగ, గుండు కూడా కొంత ఆవేశాన్ని పట్టుకుంటాయి, వాటి చుట్టూ ఎప్పుడూ గాలే. గిన్నె సరిగ్గా సగం నింపిందనుకోవడమూ ఉజ్జాయింపే. ఇవన్నీ నిష్పత్తిని 1 వైపు లాగుతాయి. దానికి తోడు కొలిచేలోపు ఆవేశం కాస్త కారిపోతుంది.

అయినా ఆయన అడిగిన ప్రశ్నకు ఈ అంకెలు సరిపోయాయి. మధ్యలో ఉన్న పదార్థాన్ని బట్టి విద్యుత్ ప్రభావం మారుతుందా అన్నదే ఆ ప్రశ్న. దూరం నుంచి నేరుగా పనిచేసే బలమే అయితే, మధ్యలో లక్క ఉన్నా గాలి ఉన్నా ఒకటే కావాలి. కాలేదు.

ఇన్ని పదార్థాలుండగా లక్కనే ఎందుకు పట్టుకున్నారు?

గాజు మంచి బంధకమే కానీ దాని ఉపరితలం గాలిలోని తేమను పట్టుకుంటుంది. కంటికి కనబడని ఆ నీటి పొర మీదుగా ఆవేశం పాకిపోతుంది. లక్క మీద నీరు అలా పరుచుకోదు. అందుకే గాజు కాళ్లకు లక్క పూత పూసేవారు, కుదిరితే కాళ్లనే లక్కతో పోతపోసేవారు.

ఆ లక్క ఎక్కువగా వెళ్లింది మన దేశం నుంచే. మోదుగు, రేగు వంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు స్రవించే జిగురది. కరిగించి, వడకట్టి, పలచని రేకులుగా సాగదీసి ఓడలకెక్కించేవారు. ఏటికొప్పాక బొమ్మ మీద నిగనిగలాడే పూత, ఫారడే గోళంలో బంతిని నిలిపిన కడ్డీ ఒకే సరుకు. ఈ మాట తరగతిలో చెప్పినప్పుడు పిల్లల కళ్లలో వెలుగు చూడాలి.

తర్వాతి కాలంలో అలాగే పేరు పడింది అభ్రకం. పొరలు పొరలుగా ఊడివచ్చే అభ్రకం రోధక స్థిరాంకం 6 దరిదాపుల్లో ఉంటుంది, వేడికి తట్టుకుంటుంది, ఆవేశాన్ని బాగా నిలుపుతుంది. రేడియో యుగంలో నాణ్యమైన కెపాసిటర్లకు అదే ఆధారం. నెల్లూరు సీమలో గూడూరు, సైదాపురం గనుల అభ్రకం విదేశాలకు వెళ్లింది ఇలాంటి పనులకే.

వానాకాలంలో మా కళాశాల విద్యుద్దర్శిని (ఆవేశం ఉందో లేదో చూపే పరికరం) అసలు పనిచేయదు. అప్పట్లో వాళ్లు ఎలా నెట్టుకొచ్చారు?

వాళ్లకూ ఇదే కష్టం. పరికరాన్ని నిప్పు దగ్గర వెచ్చబెట్టేవారు. తేమను పీల్చే పదార్థాలను గాజు పెట్టెలో ఉంచేవారు. విలియం థామ్సన్, అంటే తర్వాత లార్డ్ కెల్విన్ అయిన ఆయన, తన ఎలక్ట్రోమీటరు (ఆవేశాన్ని, వోల్టేజిని కొలిచే పరికరం) లోపలే గాఢ గంధకామ్లం ఉంచి గాలిని పొడిగా నిలిపాడు.

కానీ ఇందులో ఇంకా లోతైన చిక్కు ఒకటుంది. బంధకాన్ని కొలిచే పరికరం కూడా ఏదో ఒక బంధకం మీదే నిలబడాలి. కారింది మీరు పరీక్షిస్తున్న ముక్కలోంచా, పరికరం కాళ్ల లోంచా, చుట్టూ ఉన్న గాలిలోంచా? త్రాసు పళ్లేలకే చిల్లులుంటే తూకం ఎలా నమ్మాలి?

1785లోనే కూలూంబ్ దీన్ని సూటిగా ఎదుర్కొన్నాడు. ఆవేశమున్న బంతి ఒక ఆధారం మీద ఉన్నప్పుడు ఎంత వేగంగా ఆవేశం కోల్పోతుందో చూశాడు. తర్వాత అలాంటివే మరికొన్ని ఆధారాలు దానికి తగిలించాడు. ఆధారాలు పెరిగినా నష్టం పెరగకపోతే, వాటిలోంచి ఏమీ పోవడం లేదన్నమాట. మిగిలిన నష్టమంతా గాలిదే. మా ప్రయోగశాలలో ఇదే పని నేను పిల్లలతో చేయిస్తాను. ఒక మైనపు దిమ్మ మీద ఒకసారి, మూడు దిమ్మల మీద ఒకసారి. జులైలో అయితే తేడా అరనిమిషంలో తెలిసిపోతుంది.

1880ల చివర్లో చార్లెస్ బాయ్స్ ఇంకో దారి చూపాడు. కరిగించిన క్వార్ట్జ్‌ను చిన్న విల్లు నుంచి వదిలిన బాణానికి అంటించి, వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నని పోగుగా సాగదీశాడు. తడి గాలిలో కూడా క్వార్ట్జ్ ఆవేశాన్ని నిలుపుతుందని తేలింది.

ఖాళీ చేసిన కెపాసిటర్ మళ్లీ షాకు కొడుతుంది. ఎందుకు?

దీన్ని మిగులు ఆవేశం అంటారు. లోపలా బయటా లోహపు పూత ఉన్న గాజు జాడీని లేడెన్ జాడీ అంటారు, అది తొలినాటి కెపాసిటర్. దాన్ని వాడినవారందరికీ ఇది అనుభవమే. రెండు పూతలనూ తీగతో కలిపి ఖాళీ చేస్తారు, కాసేపు వదిలేస్తారు, మళ్లీ కలిపితే ఇంకో చిన్న నిప్పురవ్వ. ఫారడే తన లక్క, గాజు, గంధకం అన్నింటిలోనూ దీన్ని ఎంతో కొంత చూశాడు. ఆవేశం కాస్త పదార్థం లోపలికి దిగి, తర్వాత మెల్లగా వెనక్కి వస్తోందని భావించాడు.

1854లో జర్మనీలో రుడోల్ఫ్ కోల్‌రౌష్ దీన్ని కాలంతో పాటు కొలిచాడు. మాక్స్‌వెల్ ఇచ్చిన వివరణ నాకు చాలా ఇష్టం. పొరపొరకూ నిరోధం, రోధక స్థిరాంకం వేరువేరుగా ఉన్న పదార్థాన్ని తీసుకుంటే, ఏ పొరలోనూ వింత గుణం లేకపోయినా మొత్తానికి మిగులు ఆవేశం వస్తుందని లెక్కతో చూపాడు. పొరల సరిహద్దుల్లో ఆవేశం మెల్లగా పేరుకుంటుంది, ఖాళీ చేశాక అంతే మెల్లగా బయటికి వస్తుంది.

కొలతల పరంగా దీని అర్థం ఒకటే. రోధక స్థిరాంకం ఎంత అని అడిగితే, ఎంతసేపు ఆవేశం ఇచ్చారు అని ఎదురు ప్రశ్న వేయాలి. నిమిషం ఇస్తే ఒక విలువ, సెకనులో చిన్న భాగమే ఇస్తే ఇంకో విలువ. తొలినాటి పట్టికల్లో ఒకే గాజుకు ఇద్దరు చెప్పిన అంకెలు పొసగకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. పాత టీవీలు విప్పేవాళ్లు పెద్ద కెపాసిటర్‌ను ఒక్కసారి ఖాళీ చేసి ఊరుకోకూడదు. దాని కొసలు కలిపే ఉంచాలి.

సముద్రపు కేబుళ్లకూ దీనికీ ఏమిటి సంబంధం?

అవి రాకపోతే ఈ కొలతలు ప్రయోగశాల దాటేవి కావేమో. ఆగ్నేయాసియా చెట్ల పాలతో తయారయ్యే గట్టాపర్చా వేడిలో మెత్తబడుతుంది, నీటి అడుగున గట్టిగా నిలుస్తుంది. రాగి తీగకు దాన్ని తొడిగి సముద్రంలో వేయడం 1850ల నాటికి మొదలైంది.

1854 జనవరిలో ఫారడే లండన్‌లో ఒక ఉపన్యాసంలో తాను చూసిన వింత చెప్పాడు. గట్టాపర్చా తొడిగిన వంద మైళ్ల తీగ చుట్టలను కాలువ నీటిలో ముంచారు. తీగ ఒక కొసను బ్యాటరీకి కాసేపు తగిలించి తీసేశారు. తర్వాత ఆ తీగను ముట్టుకుంటే షాకు కొట్టింది. అదే పొడవు తీగ గాలిలో ఉంటే ఏమీ లేదు. రాగి ఒక పూత, చుట్టూ ఉన్న నీరు రెండో పూత, మధ్యలో గట్టాపర్చా. మొత్తం కలిసి ఒక లేడెన్ జాడీ. తీగ మందం అంగుళంలో పదహారో వంతే అయినా, వంద మైళ్లకు రాగి ఉపరితలం 8 వేల చదరపు అడుగులు దాటుతుంది. అంత పెద్ద జాడీ అంతకుముందు లోకంలో లేదు.

జాడీ నిండేదాకా రెండో కొసకు సంకేతం సరిగా చేరదు. పొడవు రెట్టింపైతే ఆలస్యం నాలుగు రెట్లవుతుందని థామ్సన్ లెక్క కట్టాడు. 1858లో అట్లాంటిక్ కేబుల్ మీద విక్టోరియా రాణి సందేశం 98 పదాలే, పంపడానికి సుమారు 16 గంటలు పట్టింది. ఎక్కువ వోల్టేజి పెట్టి తోసేద్దామని చూశారు. అప్పటికే లోపాలున్న గట్టాపర్చా కొద్ది వారాల్లో పూర్తిగా పోయింది.

ఆ దెబ్బతో కేబుల్ ముక్క ముక్కనూ కొలిచి తీసుకోవడం రివాజైంది. వేడి పెరిగితే గట్టాపర్చా నిరోధం బాగా పడిపోతుంది కాబట్టి, 24 డిగ్రీల సెల్సియస్ నీటిలో నానబెట్టి, కరెంటు ఇచ్చిన నిమిషం తర్వాత చూసేవారు. ఓమ్, ఫారడ్ వంటి ప్రమాణాలు త్వరగా స్థిరపడటానికి కేబుల్ ఇంజినీర్ల అవసరమే పెద్ద కారణం.

చాలా ఎక్కువ నిరోధాన్ని అప్పట్లో ఏ పద్ధతిలో లెక్కించేవారు?

కరెంటు కొలవలేనంత తక్కువైతే, ఆవేశం ఎంతసేపట్లో తరుగుతుందో చూస్తే చాలు. మీ దగ్గర వెయ్యో వంతు మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉందనుకోండి. దానికి ఆవేశం ఇచ్చి వదిలేస్తే 10 నిమిషాల్లో వోల్టేజి సగానికి పడింది. ఆ 600 సెకన్లను కెపాసిటీతోనూ, 2 యొక్క సహజ సంవర్గమానమైన 0.693తోనూ భాగించండి. సుమారు 87 వేల కోట్ల ఓమ్‌లు వస్తుంది. గడియారం, ఎలక్ట్రోమీటరు ఉంటే చాలు. అయితే ఎలక్ట్రోమీటరు సొంత కారుడు ఎంతో ముందు విడిగా చూసుకుని తీసివేయాలి.

వాయువులకు కూడా రోధక స్థిరాంకం కొలిచారా?

ఫారడే ప్రయత్నించాడు. ఏ వాయువు నింపినా తేడా కనబడలేదు. తేడా ఉంది కానీ అది ఆయన త్రాసుకు అందేంత కాదు.

దాన్ని పట్టుకున్నది ఆస్ట్రియా శాస్త్రవేత్త లుడ్విగ్ బోల్ట్‌జ్‌మన్, 1870ల మొదట్లో. ఆయనకు ఒక తొందర ఉంది. కాంతి విద్యుదయస్కాంత తరంగమని మాక్స్‌వెల్ చెప్పాడు. అదే నిజమైతే పదార్థం రోధక స్థిరాంకం దాని వక్రీభవన గుణకం (కాంతి అందులో ఎంత వంగుతుందో చెప్పే అంకె) వర్గానికి సమానం కావాలి. బోల్ట్‌జ్‌మన్ గంధకానికి 3.84 తెచ్చాడు, దాని వర్గమూలం 1.96. గంధకం వక్రీభవన గుణకం దాదాపు అంతే. పారాఫిన్ మైనానికి 2.32, ఎబొనైట్‌కు (గట్టి రబ్బరు) 3.15. గాలికి 1.00059. వర్గమూలం తీస్తే 1.000295, కాంతితో కొలిచిన గాలి వక్రీభవన గుణకం 1.000294.

ఆ రెండు అంకెలను బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాసి నేను కాసేపు ఊరుకుంటాను. ఒకటి కంటికి కనబడే కాంతి వంగడాన్ని చూసి వచ్చింది, ఇంకోటి చీకటి పెట్టెలో లోహపు పలకల మీద ఆవేశాన్ని కొలిచి వచ్చింది. ఆరో దశాంశం దగ్గర ఒక్క అంకె తేడా.

నీటికి 80 కదా, దాని వక్రీభవన గుణకం 1.33 మాత్రమే. నియమం తప్పా?

నియమం తప్పు కాదు, రెండు కొలతలూ విద్యుత్ క్షేత్రం వేరువేరు వేగాలతో మారుతున్నప్పుడు చేసినవి. నీటి అణువుకు ఒక కొసన ధనం, ఒక కొసన రుణం ఉంటాయి. నిలకడ విద్యుత్ క్షేత్రంలో అణువు తిరిగి సర్దుకునే తీరిక ఉంటుంది, కాంతి తరంగంలో ఆ తీరిక లేదు. ఈ వివరణ 1912లో పీటర్ డిబై ఇచ్చాడు. అంతకు చాలా ముందే, 1880లలో ఎమిల్ కోన్, లియో ఆరన్స్ నీటికి 76 దాకా విలువ తెచ్చారు. నీటిలోంచి ఆవేశం కారిపోతుంది కాబట్టి దాన్ని రోధకంగా కొలవవచ్చని నమ్మించడమే అప్పట్లో కష్టం. గాజు విషయంలోనూ ఇలాంటి తేడానే ఉంది. జాన్ హాప్‌కిన్సన్ ఫ్లింటు గాజులకు 6 నుంచి 10 దాకా విలువలు చూపాడు, అవి వాటి వక్రీభవన గుణకం వర్గం కన్నా చాలా ఎక్కువ.

బంధకంలోంచి ఏమీ కారడం లేదని పూర్తిగా రుజువు చేయడం ఎవరికైనా సాధ్యమైందా?

సి.టి.ఆర్. విల్సన్ చేసిన ఉపాయం నాకు తెలిసినవాటిలో అందమైనది. 1900 ప్రాంతంలో ఆయన మూసిన పాత్రలో ఒక సన్నని బంగారు రేకును చిన్న గంధకపు పూసకు వేలాడదీశాడు. పూస పైకొసను పట్టుకున్న కడ్డీని, రేకుకు మొదట ఇచ్చిన పొటెన్షియల్ దగ్గరే స్థిరంగా ఉంచాడు. ఇక గంధకం కారితే ఏమవుతుంది? కడ్డీ నుంచి రేకులోకే ఆవేశం వస్తుంది. అంటే పూసలో లోపముంటే రేకు పడిపోవడం తగ్గుతుందే తప్ప పెరగదు. అయినా రేకు మెల్లగా వాలుతూనే ఉంది. కాబట్టి ఆవేశం పోతున్నది గాలిలోంచే, దుమ్ము లేని గాలిలోంచి.

కారణం బయటి నుంచి వచ్చే ఏదైనా కిరణమా అని చూడటానికి, స్కాట్లండులో పీబుల్స్ దగ్గరి రైలు సొరంగంలోకి పరికరాన్ని తీసుకెళ్లాడు. కారడం తగ్గలేదు. చుట్టూ ఉన్న రాతిలోని రేడియోధార్మికత తన వంతు పని చేస్తుందని అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు. 1912లో విక్టర్ హెస్ ఎలక్ట్రోమీటర్లను బెలూన్‌లో 5 కిలోమీటర్లకు పైగా ఎత్తుకు తీసుకెళ్లాడు. కొంత ఎత్తు దాటాక, పైకి పోయేకొద్దీ ఆవేశం మరింత వేగంగా కారింది. కూలూంబ్ తన లెక్కలో గాలి నష్టమని రాసిపెట్టిన దానిలో ఒక భాగం అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలదని అలా బయటపడింది.